ఏసేపు ముక్కు

కమలాపురంలో ఏసేపు షెడ్డుకు కారు తెస్తే, బానెట్ ఎత్తకముందే వాసన పట్టి రోగం చెబుతాడని పేరు. ఆ పేరు నిజమే, కానీ ఒకప్పుడు. కరోనా వచ్చిపోయినాక ఆ ముక్కు చచ్చిపోయింది. పెట్రోలు, మాడిన ఆయిలు, పక్కింటి చేపల పులుసు, ఏదీ తెలీదు. మగమనిషికి పొగరుంటుంది కదా, ఎవరికీ చెప్పలేదు. పెండ్లాం కృపమణికి తప్ప.

ఆ మహాతల్లి చేసిన ఉపాయం చూడండి! కారు రాగానే టీ గ్లాసు పట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగేది. వాసన యాడ గట్టిగా ఉంటే ఆడ గ్లాసు పెట్టి పోయేది. బానెట్ మీద పెడితే ఇంజన్ దగ్గర, డిక్కీ మీద పెడితే ట్యాంకు దగ్గర. ఏసేపు టీ తాగేసి, తనే కనిపెట్టినట్టు సరిగ్గా అక్కడే పానా పెట్టేవాడు. ఊరంతా ఆహా అనేది.

ఇప్పుడు కృపమణి లేదు. సమాధి చేశారు, చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడిక కూడా అయిపోయింది. మళ్లీ షెడ్డు తీసిన రోజే టీచరు యామిని కారు తెచ్చింది. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు.

"అన్నా, కింద ఆయిలు చుక్కలు పడతాండాయి. లోపలంతా పెట్రోలు వాసన. అహోబిలం పోతాండాం, ఒకసారి చూడన్నా."

ఆయిలుది కంటికి కనపడే రోగం. ఇంజన్ శుభ్రంగా తుడిచి, ముఖానికి పూసుకునే పౌడరు చల్లి, కాసేపు నడిపించాడు. ఇంజన్ పైమూత అంచు నుంచి తెల్లటి పౌడరు మీద నల్లగా గీత దిగింది. ఆ మూత కింది ప్యాకింగ్ మార్చి బిగించాడు. మరి పెట్రోలు? పైపులన్నీ వేళ్లతో తడిమాడు. పెట్రోలు బయటపడిన వెంటనే ఆరిపోతుంది, వేళ్లకేం తెలుస్తుంది!

"ఆయిలు కారి వేడికి కాలిన వాసనమ్మా అది. అయిపోయింది, పొండి" అన్నాడు. నోటికొచ్చిన అబద్ధం.

యామిని కూచుని తాళం తిప్పబోయి ఆగింది. "ఇంత కంపు కొడతాంటే నీకు తెలీడం లేదా అన్నా?"

కడప ఆస్పత్రిలో ఏసేపుతో డాక్టరు అన్నది అచ్చం ఇదే మాట. షుగరు పుండుతో కృపమణి కాలు కుళ్లిపోయింది. కట్టు విప్పగానే నర్సు ముక్కు మూసుకుంది. "ఇంత కంపు కొడుతుంటే నీకు తెలియలేదా? ముందే తెచ్చుంటే మనిషి దక్కేది" అన్నాడు డాక్టరు. ఆ రోజు ఏసేపు తల వంచుకున్నాడే గానీ నోరు విప్పలేదు. ఛీ, అప్పుడు కూడా పొగరే!

"తాళం తిప్పొద్దమ్మా!" అని అరిచాడు. "పిల్లలను దించు. నాకు వాసన తెల్దు. శానా రోజులుగా తెల్దు. నువ్వే చూసి చెప్పల్ల."

పిల్లలను దూరంగా నిలబెట్టి, యామిని వంగి వంగి వాసన చూస్తా వచ్చింది. బానెట్ దగ్గర లేదు, చక్రాల దగ్గర లేదు. వెనక సీటు ఎత్తగానే "అబ్బా, ఈడే!" అని మొహం తిప్పుకుంది. పిల్లలు కూచునే చోటికి సరిగ్గా కింద, ట్యాంకు పంపు మూతకుండే రబ్బరు రింగు ఎండి పగిలిపోయి ఉంది. కొత్తది వేసి, తలుపులన్నీ తీసి గాలి పోనిచ్చాడు. వాసన పోయిందని యామిని చెబితేనే తెలిసింది.

"ఈ సంగతి అక్కకైనా తెలుసా అన్నా?"

"ఆమెకొక్కదానికే తెలుసమ్మా. అందుకే కదా కాలు దాచగలిగింది! నా పక్కనే పండుకునేది. చిన్న దెబ్బేలే అంటే నమ్మినా. వాసన పట్టేవాళ్లను ఎవరినీ దగ్గరికి రానీలేదు. పుండు ముదిరినాక, కార్లోళ్లు కారు ఇడిసి పోయినాకే షెడ్డులోకి వచ్చేది. చర్చికి పోవడం కూడా మానుకునింది."

"ఎందుకన్నా అట్ల చేసింది?"

ఏసేపు నేల మీద చతికిలబడ్డాడు. ఏడుపు ఆగలేదు.

"ఆస్పత్రికి పోతా దావలో చెప్పిందమ్మా. 'నేను మంచాన పడితే నీకు వాసన ఎవరు చూసి పెడతారయ్యా' అనింది."