అమ్మ నోటి కణాలు

పొగాకు దుమ్ము బీడీలు చుట్టేవాళ్ళ నోటి కణాలను ఎలా పాడుచేస్తుందో ఋతుజ ల్యాబులో పరిశోధిస్తోంది. ఆమె తల్లి యమునాబాయి బీడీ కార్మికుల కాలనీ అయిన విడీ ఘర్కుల్‌లో ముప్పై ఏళ్ళుగా బీడీలే చుడుతోంది. ఆ మాట చెప్పడానికి నామోషీపడి, అమ్మ ఊరికే ఇంట్లో ఉంటుందని ఋతుజ అందరితో అనేది. అందుకే పోల్చి చూడటానికి పొగాకు ముట్టనివాళ్ళ నోటి నమూనాలు తక్కువపడినప్పుడు ఆమె గైడు మేడం, "మీ అమ్మది తీసుకురా" అంది. కాదనలేక తెచ్చింది.

మైక్రోస్కోపులో చూసి మేడం తలెత్తింది. "ఇన్ని కణాలు దెబ్బతిన్నాయేంటి? ఈవిడ పొగాకు ముట్టదన్నావుగా?"

ఋతుజ తలదించుకుని నిజం చెప్పింది. మేడం ఆ స్లైడును పక్కన పెట్టి, "ముందు అమ్మను డాక్టరుకు చూపించు" అంది.

ఋతుజ ఇంటికెళ్ళి తల్లికి అంతా చెప్పేసింది. యమునాబాయి చేతిలో బీడీ సగంలో ఆగింది.

"నా పని చెప్పనీకె శరమైందా బిడ్డా?" అని ఆ సగం బీడీని చాటలో పెట్టేసింది. తర్వాత, "మన గల్లీ ఆడోళ్ళయి గూడ తీస్కపోయినవు గదా. ఆళ్ళకేం చెప్పినవ్?" అని అడిగింది.

నమూనాల కోసం నలభై మంది చేత నోళ్ళు తెరిపించింది ఋతుజ. ఆరు నెలలైనా ఒక్కరికీ ఫలితం చెప్పలేదు. తల్లి ముఖంలోకి చూడలేకపోయింది.

మర్నాడు ల్యాబుకు సెలవు పెట్టి, ఆ నలభై మంది పేర్లు రాసుకున్న కాగితం పట్టుకుని పక్కింటి తలుపు తట్టింది.