పోస్టుకి ముప్పై ఎనిమిది

ముప్పై ఎనిమిదట, పోస్టుకి ముప్పై ఎనిమిది, నాకు పదకొండు, డి విటమిన్ కూడా మనిషిని చూసి వస్తుందన్నమాట, రోజంతా ఎండలో ఉత్తరాలు పంచే మా తోడల్లుడు పోస్టుకి బోలెడంత, బట్టలు కుట్టుకుంటూ మిషను ముందు కూర్చునే నాకు అడుగూబొడుగూ, డాక్టరమ్మ ఆ అంకెలు చదువుతుంటే నా భార్యా, మా మరదలూ ఇద్దరూ అతని వైపే చూసి మురిసిపోయారు, నీ మొగుణ్ణి నేనే అని నా భార్యకి గుర్తు చెయ్యాలనిపించింది, జబ్బు మాత్రం ఇద్దరికీ ఒకటే, అరికాలి మీద నల్ల మచ్చ, చర్మం క్యాన్సర్, ముందు అతనికి, ఏడాది తిరక్కుండా నాకు, అప్పుడు కూడా మా అత్తగారు పాపం చిన్నల్లుడికి తోడు దొరికింది అంది, అంటే నాకు జబ్బు రావడం కూడా అతనికి కాలక్షేపం కోసమే.

ఆడవాళ్ళు మందుల షాపుకి వెళ్ళారు, పోస్టుని మళ్ళీ లోపలికి పిలిచారు, నేను ఈ వరండా బెంచీ మీద మూసిన తలుపుని చూస్తూ కూర్చున్నాను, ఎందుకు పిలిచినట్టు, ఇంకోసారి మెచ్చుకోవడానికే అయ్యుంటుంది, నన్నయితే డాక్టరమ్మ ఓదార్చి పంపింది, డి తక్కువున్నవాళ్ళు ఈ జబ్బులో అంత బాగా నెగ్గుకురావట్లేదని కొన్ని పరిశోధనల్లో కనబడిందండీ, కానీ అది తక్కువవడం వల్లే అలా జరుగుతోందా, లేక జబ్బుపడి ఇంట్లో కూర్చుంటే డి తగ్గుతోందా అన్నది ఇంకా తేలలేదు, లావు, నడక, సిగరెట్టు అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి, అంకె చూసి బెంగ పెట్టుకోకండి, నేను రాసినంతే మింగండి, ఎక్కువ మింగినా ముప్పే అంది, సిగరెట్టు అనగానే నా భార్య కళ్ళు నా జేబు మీద పడ్డాయి, పోస్టు మానేశాడుగా మరి, మానేశాడు, మానేసి ఊరుకున్నాడా, మా ఇంటికి వచ్చినప్పుడల్లా తన జేబు తట్టి చూపించి నవ్వుతాడు.

అసలు నా పదకొండుకి కారణం నేనే, ఎండ వల్ల చర్మం క్యాన్సర్ వస్తుందని ఎవరో అంటే విని, పెళ్ళికి ముందు నుంచీ గుమ్మం పక్క వెలుతురులో ఉన్న మిషనుని వెనకగదిలోకి ఈడ్పించాను, కిటికీకి లైనింగు గుడ్డ కుట్టి వేలాడదీశాను, పట్టపగలు సూదిలో దారం ఎక్కించడానికి ట్యూబులైటు, ఇవాళ డాక్టరమ్మ నవ్వాపుకుంటూ మీ మచ్చ అరికాల్లో కదండీ, అక్కడికి ఎండెలా వెళ్తుంది అని అడిగింది, పోస్టు పక్కనే ఉన్నాడు, నవ్వలేదు, నవ్వినా బాగుండేది, తిట్టుకోవడానికి ఓ కారణం దొరికేది, పోయిన వారం యూనిఫాం కొలతలకి వచ్చినప్పుడూ అంతే, నడుం రెండంగుళాలు తగ్గింది, ఛాతీ తగ్గింది, మెడ కూడా, అంతా నడక మహిమ అన్నయ్యా, నువ్వూ నాతో రారాదూ అన్నాడు, నా పొట్ట లోపలికి బిగబట్టుకుని టేపు చుట్టేశాను, ఒళ్ళు మండి, కావాలనే పాత కొలతలకే కత్తిరించాను, వదులుగా వేలాడనీ, జనం నవ్వనీ అని, తీరా ఇవాళ అదే వేసుకొచ్చాడు, ఎంత సన్నబడ్డాడో చూశారా మా మరిది అని నా భార్య దాన్ని కూడా అతని గొప్ప కిందే జమకట్టింది.

తలుపు తెరుచుకుంది, వచ్చి నా పక్కనే కూర్చున్నాడు, బూటు తొడిగి లేసు పట్టుకున్నాడు, ముడి పడటం లేదు, మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది, ఏమందిరా అన్నాను, ఏం లేదన్నయ్యా, గజ్జల్లో గడ్డేదో తగిలిందట, అరికాలి జబ్బు పాకితే ముందు అక్కడికేనట, ముక్క తీసి పరీక్షకి పంపుతారట, బరువెందుకు తగ్గావని గుచ్చి గుచ్చి అడిగింది, నడకేమో అని చెప్పాను, ఆవిడకి నచ్చలేదు, ఆడవాళ్ళకి ఇప్పుడే చెప్పకు అన్నాడు.

హమ్మయ్య అనుకున్నాను, సిగ్గులేకుండా, ముప్పై ఎనిమిది ఉండి మాత్రం ఏం పీకింది అనుకున్నాను, ఒక్క క్షణమే, ఆ క్షణంలోనే అతని మెడ కనబడింది, కాలరుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు, చొక్కా కింద కొక్కేల్లా పొడుచుకొచ్చిన భుజాలు, నడిచేవాడికి పొట్ట తగ్గుతుంది గానీ భుజాలు ఇలా అయిపోతాయా, ఎంతమందికి కుట్టాను, వేరే ఎవరైనా ఇలా వచ్చి నిలబడితే ఏమయ్యా ఒంట్లో బాగుండటం లేదా అని అడిగేవాణ్ణి కాదూ, ఇతన్ని అడగలేదు, టేపు నా చేతుల్లోనే ఉంది, నా కుళ్ళు నన్ను చూడనివ్వలేదు.

వంగి అతని లేసు నేనే కట్టాను, వద్దన్నయ్యా, ఏంటిది అంటూ కాలు వెనక్కి లాక్కోబోయాడు, కదలకు అన్నాను, ఆ చొక్కా ఇంటికెళ్ళాక విప్పివ్వు, బిగించి పెడతాను అన్నాను, అక్కర్లేదులే, మళ్ళీ ఒళ్ళు చేస్తానుగా, అలాగే ఉండనీ అన్నాడు, చెయ్యాలి, ఒళ్ళు చెయ్యాలి, ఆ గడ్డ ఉత్త గడ్డే అవ్వాలి, అతని ముప్పై ఎనిమిది అతని దగ్గరే ఉండాలి, రేపు నడకకి నేనూ వస్తాను, వెనకబడతాను, వెనకబడి తిట్టుకుంటాను, నా భార్య మురిసిపోనీ, అత్తగారు చిన్నల్లుడూ చిన్నల్లుడూ అని కలవరించనీ, మందుల సంచీతో అక్కాచెల్లెళ్ళు మెట్లెక్కి వస్తున్నారు, పోస్టు అప్పుడే నవ్వు మొహం పెట్టేశాడు, ఆ నవ్వుని చూసి ఇన్నేళ్ళూ కుళ్ళుకుంటూనే బతికాను, ఇకముందు కుళ్ళుకోవడానికైనా ఇతను ఉండాలి.