ఖాళీ సమయానికి కారణం

చిరుగు అంచున ముడుచుకున్న పోగులను గోటితో విడదీసి, దుప్పటిని చెక్క వలయంలో బిగించి, సూదిలో తెల్లదారం ఎక్కించి, ఆమె ఆగింది.

ప్రతి దుప్పటి దగ్గరా ఆమె ఇలాగే ఆగుతుంది. సూది పట్టుకున్న చెయ్యి గాలిలో నిలిచి ఉంటుంది. తల కొద్దిగా ఎడమకు వాలుతుంది. కళ్లు గుడ్డ మీదే ఉంటాయి గాని, గుడ్డను చూస్తున్నాయని ఖాయంగా చెప్పలేం.

ఎదురుగా నిలబెట్టిన చిన్న తెర ఆకుపచ్చ నుంచి పసుపు రంగుకు మారింది. ‘పని ఆగింది. కారణం ఎంచుకోండి’ అని అక్షరాలు వచ్చాయి. వాటి కింద వరుసగా మంచినీళ్లు, మరుగుదొడ్డి, మిషను మరమ్మతు, సరుకు రాలేదు, అధికారితో మాట. ఆమె చాలాసేపటికి వాటిని గమనించి, ఒక్కొక్కటే చదివింది. బజారులో తనకు పనికిరాని వస్తువులను కూడా మర్యాదగా చూసే మనిషిలా చదివి, దేన్నీ ముట్టుకోలేదు. తెర ఎరుపెక్కింది. అప్పుడు సూది గుడ్డలోకి దిగింది. టేబులు అంచున బిగించిన కెమెరా చేతి కదలికను పసిగట్టగానే తెర మళ్లీ పచ్చబడింది.

అది ఆసుపత్రులకూ హోటళ్లకూ బట్టలుతికే పెద్ద లాండ్రీ. కింద హాలంతా ఆవిరి, సబ్బు వాసన, తిరిగే డ్రమ్ముల రొద. ఓ మూలన, పాలపొర కట్టినట్టుండే అద్దాల పొడవాటి కిటికీ పక్కన ఆమె టేబులు. చిరిగిన దుప్పట్లు, తలగడ గలీబులు అక్కడికి వస్తాయి, చిరుగు ఎక్కడుందో తెలియకుండా తిరిగి వెళతాయి. జుట్టు నల్లగా ఉన్న రోజుల్లో ఆ టేబులు దగ్గర కూర్చుంది. ఇప్పుడా జుట్టు ఆమె దారమంత తెల్లబడింది. ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి జారింది. కళ్లజోడు కాడ ఊడితే తన దారంతోనే తనే కట్టుకుంది. చిరుగులకు రఫూ చేస్తుంది కనుక అక్కడ అందరూ ఆమెను రఫూ పిన్ని అంటారు. చేరిన కొత్తలో ఉన్న పేరు హాజరు యంత్రానికి మాత్రమే గుర్తుంది.

పొద్దున ఇంట్లోనూ ఇలాగే ఆగింది. కుళాయి కింద గ్లాసు పెట్టి, అది నిండి పొర్లుతున్నా చెయ్యి తీయలేదు. భర్త వెనక నుంచి వచ్చి కుళాయి కట్టేశాడు. ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. గొంతు మాత్రం ఇంకా విశ్రాంతి తీసుకోలేదు.

“ఏమిటాలోచిస్తున్నావు?”

“ఏం లేదు.”

“ఏం లేనిదానికే ఇంతసేపైతే, ఏదన్నా ఉంటే ఊరంతా మునిగేది.”

ఆమె నవ్వి గ్లాసు తుడిచింది.

“నీలాంటివాళ్లు నా బస్సు ఎక్కేవాళ్లు,” అన్నాడాయన రొట్టె నములుతూ. “కిటికీ పక్కన కూర్చుంటారు. టికెట్టు కొట్టడానికి ఎక్కడికమ్మా అంటే, నా మొహంలోకి చూసి నన్నే అడుగుతారు, ఎక్కడికీ అని. నేనేం చెప్పేది?”

“ఏం చెప్పేవాడివి?”

“చివరి స్టాపుకి కొట్టిచ్చేవాణ్ని. మధ్యలో ఎక్కడ మెలకువొస్తే అక్కడే దిగుతారని.”

‘ఏమిటాలోచిస్తున్నావు’ అన్న ప్రశ్న ఆయన పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టాడు. ఆయన కన్నా ముందు అత్తగారు, అత్తగారికన్నా ముందు బడిలో పంతులమ్మ, అందరికన్నా ముందు అమ్మ అడిగారు. అందరికీ ఆమె ఒకటే జవాబు చెప్పింది. అది అబద్ధమని ఆమెకెప్పుడూ అనిపించలేదు. కాని అది పూర్తి నిజమా అని అప్పుడప్పుడు అనుమానం కలిగేది. ఏమీ లేని చోటికి ఎవరైనా అన్నిసార్లు ఎందుకు వెళతారు? వెళ్లి వచ్చిన ప్రతిసారీ చేతులు ఎందుకంత తేలికగా ఉంటాయి?

మనుషులు అడిగి ఊరుకునేవారు. తెర ఊరుకోలేదు. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరుకు కొత్త వెర్షను వచ్చిన దగ్గర నుంచి కారణం చెప్పని ప్రతి విరామమూ ఆమె లెక్కలో ఎర్రగా చేరుతోంది. ఎరుపు మితిమీరిన వాళ్ల పేర్లను కొత్త సాఫ్ట్‌వేరు తనంతట తానే ఒక పట్టీగా కడుతుంది. ఈ సాయంత్రం ఆ పట్టీ మేనేజరు గదికి వెళుతుంది. అందులో ఉన్నవాళ్లను ప్యాకింగు హాలుకు మారుస్తారు. అక్కడ కిటికీ లేదు, సూది లేదు. మడత పెట్టిన దుప్పట్లు బెల్టు మీద వస్తూనే ఉంటాయి.

భోజనాల వేళ ఆవిరి ఇస్త్రీ దగ్గర పనిచేసే బాబాయ్ డబ్బా పట్టుకుని వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు. అందరికీ బాబాయే. ఆమె భర్తకు పాత స్నేహితుడు కనుక ఆమెతో మరిది వరస కలుపుకున్నాడు.

“వదినా, నీ పేరు పట్టీలో ఉందంట కదా.”

“ఉందంట.”

“మరి ఆ మంచినీళ్లు నొక్కి పారెయ్యరాదూ? నేను సిగరెట్టుకి వెళ్లినా మిషను మరమ్మతే. నా ఇస్త్రీ పెట్టె ఈ నెలలో చెడిపోయినంతగా పుట్టాక చెడిపోలేదు.”

“రోజుకి అన్నిసార్లు నీళ్లు తాగానంటే డాక్టరు దగ్గరికి పంపుతారు.”

“పంపనీ. అక్కడ దుప్పట్లు మనవే. హాయిగా పడుకో.”

ఆమె నవ్వింది. తర్వాత డబ్బా మూత పెట్టి, కొంగున చేతులు తుడుచుకుని, మెట్లెక్కి హెచ్ఆర్ గదికి వెళ్లింది.

హెచ్ఆర్ అమ్మాయి ఆమె కూతురి వయసుది, కూతురు ఉండి ఉంటే. మెడ మీదికి జారిన జుట్టును పెన్నుతో ముడివేసుకుంది. ఒక చెయ్యి ఎప్పుడూ ఫోను మీదే ఉంటుంది. పిన్నిని చూడగానే లేచి కుర్చీ జరిపింది.

“నేనే కిందికొద్దామనుకున్నా పిన్నిగారూ. మీకు చెప్పాను కదా, ఏదో ఒకటి నొక్కితే చాలని. ఎవరూ వచ్చి చూడరు.”

“నొక్కానమ్మా, మొదటిరోజు. మంచినీళ్లు అని నొక్కాను. నొక్కాక నిజంగానే దాహం వేసింది. వెళ్లి తాగొచ్చాను. వచ్చి కూర్చుంటే సూది ఎటు పోవాలో తెలియలేదు. సాయంత్రం దాకా తెలియలేదు. ఒక గలీబు రెండుసార్లు కుట్టి రెండుసార్లు విప్పాను.”

అమ్మాయి కంప్యూటరులో ఆమె లెక్క తెరిచి, ఎర్రగా ఉన్న గడులను చూసింది.

“నన్నక్కడే ఉండనివ్వు తల్లీ. ఆ బెల్టు దగ్గర నేను బతకలేను. పని బరువని కాదు. అది ఆగదు.”

“ఉంచాలంటే నేను కారణం చూపించాలి పిన్నిగారూ. నిజంగా చెప్పండి. ఆగినప్పుడు ఏం చేస్తుంటారు?”

ఇన్నేళ్లలో ఆ ప్రశ్నను జవాబు కోసం అడిగిన మొదటి మనిషి ఈ అమ్మాయే అనిపించింది ఆమెకు. అందుకని ‘ఏం లేదు’ అనలేకపోయింది. వేళ్లతో టేబులు అంచును తడుముతూ, మాట కోసం వెతికింది.

“చిన్నప్పుడు మధ్యాహ్నం పూట నిద్రపోయి లేస్తాం చూడు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. పొద్దునో సాయంత్రమో తెలియదు. బడికెళ్లాలో, దీపం పెట్టాలో తెలియదు. ఎవరూ పిలవరు. కాసేపు మంచం మీదే కూర్చుంటాం. అదుగో, అలా ఉంటుంది.”

అమ్మాయి ఫోను మీద చెయ్యి తీసేసింది. కిటికీ బయట ఆవిరి గొట్టం నుంచి తెల్లటి పొగ వచ్చి, విడిపోయి, కనబడకుండా పోతోంది. ఇద్దరూ దాన్నే చూశారు. కాసేపటికి అమ్మాయి కంప్యూటరు తెర పసుపు రంగుకు మారింది. అమ్మాయి ఉలిక్కిపడి ఒక మీట నొక్కింది.

“నన్నూ అడుగుతుంది,” అంది. “నేను ‘సమావేశం’ అని నొక్కేస్తుంటా.”

“ఎవరితో?”

“మీతోనే కదా ఇప్పుడు.”

అలా అంటూనే అమ్మాయికేదో తట్టింది. కొత్త వెర్షనులో హెచ్ఆర్ వాళ్లు తమ అవసరాన్ని బట్టి కొత్త కారణాన్ని చేర్చుకోవచ్చు. ఇంతవరకూ ఎవరికీ ఆ అవసరం రాలేదు. ఒక ఖాళీ గడి తెరిచి, ఆలోచించి, ‘చూస్తున్నారు’ అని టైపు చేసింది. దాని పక్కన, పనిలో భాగం అన్న గుర్తు పెట్టింది. ఎర్రగా ఉన్న గడులన్నీ ఒక్కొక్కటిగా పచ్చబడ్డాయి.

“అయిపోయింది. ఇక మీరేం నొక్కనక్కర్లేదు. మీరాగితే ఆ ప్రశ్న నా ఫోనుకి వస్తుంది. నేనిక్కడి నుంచి ఒప్పుకున్నట్టు నొక్కేస్తా. మిమ్మల్ని ఎవరూ కదిలించరు.”

“ఎంతసేపాగినా?”

“మీ ఇష్టం.”

పిన్ని లేచి, అమ్మాయి జుట్టులో జారిపోబోతున్న పెన్నును సరిగ్గా దూర్చి, మెట్లు దిగింది. కింద బాబాయ్ కళ్లతోనే ఏమైందని అడిగాడు. ఆమె చేత్తోనే, అంతా సర్దుకుందన్నట్టు సైగ చేసింది.

మధ్యాహ్నం ఆమె చేతికి పిల్లల వార్డు దుప్పటి వచ్చింది. అంచున వెలిసిపోయిన నీలిగీత. ఉతికి ఉతికి పలచబడి, వెలుతురుకు పట్టుకుంటే అవతలి చెయ్యి కనిపిస్తోంది. చిరుగు పెద్దది. ఏ పిల్లవాడో నిద్రలో గుప్పిట పట్టి లాగినట్టుంది. తనకు తెలియని ఎంతమంది నిద్రలు ఈ చేతుల మీదుగా పోయాయో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. వలయం బిగించింది. ఒక అంచు నుంచి పోగు మీదుగా, పోగు కిందుగా సూదిని నడిపింది. చిరుగు సగం పూడింది. ఎడమ చెయ్యి కాస్త మొద్దుబారినట్టయితే ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ఆగింది.

కిటికీ పాలపొర మీద ఎండ పడి, అద్దమంతా ఒకే వెలుగుగా ఉంది. డ్రమ్ముల రొద దూరంగా, ఇంకో ఇంట్లో ఎవరో విసుర్రాయి తిప్పుతున్నట్టుంది. ఇల్లంతా నిశ్శబ్దం. మంచం కోడు చల్లగా తగులుతోంది. పొద్దునో సాయంత్రమో తెలియడం లేదు. బడికెళ్లాలో, దీపం పెట్టాలో. గడప అవతల ఎవరో నిలబడి అడుగుతున్నారు, ఏమిటే ఆలోచిస్తున్నావు అని. అమ్మ గొంతులా ఉంది, కండక్టరు గొంతులానూ ఉంది. ఈసారి చెప్పడానికి ఆమెకు ఏదో దొరికింది. చిన్నదే. పెదవులు కొద్దిగా విడివడ్డాయి.

తెర పసుపు రంగుకు మారింది.

మేనేజరు గదిలో హెచ్ఆర్ అమ్మాయి ఒళ్లో ఫోను వణికింది. పట్టీలోని పేర్లు చదువుతూనే ఆమె బొటనవేలితో నొక్కింది. ‘చూస్తున్నారు.’ కింద తెర పచ్చబడింది. కొంతసేపటికి ఫోను మళ్లీ వణికింది. మళ్లీ నొక్కింది. ఆ గదిలో కూర్చున్నంతసేపూ అలా జరుగుతూనే ఉంది. ప్రతిసారీ అమ్మాయి మొహంలో ఓ చిన్న నవ్వు వచ్చి పోయేది. మేనేజరు పట్టీ చివరిదాకా చూసి సంతకం పెట్టాడు. అందులో రఫూ పిన్ని పేరు లేదు.

బాబాయ్ ఆ దారిన రెండుసార్లు వెళ్లాడు. వాలిన తల, ఒళ్లో చెయ్యి, పచ్చటి తెర చూసి, అడుగుల చప్పుడు తగ్గించుకుని పక్కనుంచి పోయాడు.

పని ముగిసిన సైరను మోగాక అమ్మాయి పరుగున మెట్లు దిగి వచ్చింది. ఫోనులో చెప్పగలిగినా, ఆ మాట ఎదురుగా నిలబడి చెప్పాలనిపించింది.

“పిన్నిగారూ, మీ టేబులు మీకే.”

పిన్ని కిటికీ వైపే ఉంది. అమ్మాయి రెండోసారి పిలవలేదు. ఎవరూ కదిలించరని తనే మాటిచ్చింది. అందుకని చేతులు కట్టుకుని పక్కనే నిలబడి, ఆ ఆగడం పూర్తయ్యేదాకా ఎదురుచూసింది. హాలులో డ్రమ్ములు ఒక్కొక్కటే నెమ్మదించి నిలిచిపోయాయి. దీపాలు ఆర్పుతూ వచ్చిన బాబాయ్ అమ్మాయి పక్కన నిలబడి, ముందుకు వంగి పిన్ని మొహంలోకి చూశాడు. తర్వాత తన తలకు కట్టుకున్న గుడ్డ తీసేశాడు.

డాక్టరు వచ్చి చూసి, చావు నిద్రలా వచ్చి ఉంటుందన్నాడు. వెంటనే పిలిచినా పలికేది కాదేమో అన్నాడు. చివరి ‘ఏమో’ను మాత్రం అమ్మాయి తనతో ఉంచుకుంది.

భర్త వచ్చాక అందరూ దూరం జరిగారు. ఆయన స్టూలు లాక్కుని ఆమె ఎదుట కూర్చుని, దారం కట్టిన కళ్లజోడును ఆమె ముక్కు మీద సరిచేశాడు. అలవాటు కొద్దీ నోరు తెరిచాడు.

“ఏమిటా...” అని, మిగతాది అనలేదు. తల ఊపాడు, జవాబు అందినట్టు.

ఆమెను తీసుకుపోయాక హాలు ఖాళీ అయింది. టేబులు మీది తెర మళ్లీ పసుపు రంగుకు మారి కారణం అడిగింది. తలుపు దగ్గర అమ్మాయి చేతిలో ఫోను వణికింది. ఆమె దాన్ని చూసింది. ఏదీ నొక్కలేదు. తెర ఎర్రబడి, చాలాసేపు ఎర్రగానే ఉండి, తనంతట తానే ఆరిపోయింది.

కిటికీలోని మిగిలిన కాస్త వెలుతురులో, చెక్క వలయంలో బిగించిన పిల్లల దుప్పటి మీద, చిరుగును సగం దాటిన తెల్లదారం కొసన సూది ఇంకా వేలాడుతూ ఉంది.