ఊపిరి గుర్తులు

చెల్లాయి పదహారో కాగితం మీద రబ్బరు రుద్దుతోంది. మిగతా పదిహేను కాగితాలూ వంటింటి బల్ల మీద వరసగా పరిచి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో గాయకుడిది. పాట చివర అందరూ కలిసి పట్టే దీర్ఘస్వరం ఒకటుంది. అందులో ఎవరెక్కడ ఊపిరి తీసుకోవాలో ఆమె పెన్సిలుతో చిన్న గుర్తు పెడుతుంది. ఆ గుర్తు ఏ ఇద్దరికీ ఒకే చోట ఉండదు. ఎవరి కాగితం వారిదే కాబట్టి పక్కవాళ్ళది చూసే అలవాటు కూడా ఎవరికీ లేదు.

ఆమెకు నలభై తొమ్మిదేళ్ళు, బృందానికి ముప్పై. చెల్లాయి అన్నది అసలు పేరు కాదు. బృందాన్ని నడిపే మాస్టారు ఆమెకు సొంత అన్న, ఆయన పిలిచినట్టే అందరూ పిలిచారు. నిన్నగాక మొన్న చేరిన పాతికేళ్ళ పిల్ల కూడా చెల్లాయీ అనే అంటుంది. రేపు డెబ్భై నిండినా ఆమెకు పెద్దరికం దక్కే సూచనలు లేవు. సన్నటి మెడ, వంగిన భుజాలు, పెన్సిలు నొక్కీ నొక్కీ మధ్యవేలి మీద కాయ. పోటీల ఫొటోలన్నిటిలోనూ ఉంటుంది, ఎవరో ఒక పొడుగాటి మనిషి వెనక సగం మొహంతో.

బృందం నూలుమిల్లు భోజనశాలలో పుట్టింది. మిల్లు మూతబడింది, పాట మిగిలింది. వాద్యం లేదు, మైకు లేదు, పదహారు గొంతులంతే. మొదటి ఏడాదే చెల్లాయికి జబ్బు చేసి దమ్ము తగ్గిపోయింది. దీర్ఘస్వరం మధ్యలో, అందరూ పాడుతుండగా, దొంగతనంగా ఊపిరి తీసుకునేది. రెండు నెలలకు అన్నయ్య పట్టేశాడు. తిడతాడని ఆమె అనుకుంటే, ఆ దొంగతనమేదో అందరికీ నేర్పమన్నాడు. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు పక్కవాళ్ళు కాస్త గొంతు పెంచి ఆ సందు కప్పెయ్యాలి. మొదటి పోటీలో ఆ స్వరం ఒకటిన్నర నిమిషం తెగకుండా నిలబడింది. న్యాయనిర్ణేత ఒకాయన లేచి వచ్చి, వాద్యం ఎక్కడ దాచారో చూద్దామని తెర ఎత్తాడు. తెర వెనక చీపురు తప్ప ఏమీ లేదు.

ఆ తరవాత ఏడు కప్పులు వచ్చాయి, రెండు రికార్డులు వచ్చాయి, పొరుగు దేశాల్లో మూడు కచేరీలు జరిగాయి. పత్రికల వాళ్ళు రహస్యమేమిటని అడిగితే మాస్టారు 'మా పద్ధతి' అంటారు. ఆ 'మా'లో తను ఉందో లేదో చెల్లాయి ఎన్నడూ అడగలేదు.

బల్ల సొరుగులో ఉత్తరం ఉంది. ఒకప్పుడు ఆమె పక్కన పాడి, పన్నెండేళ్ళ కిందట బృందం వదిలి వెళ్ళిపోయిన స్నేహితురాలు రాసింది. సముద్రం ఒడ్డున ఊళ్ళో చిన్న బడి నడుపుతోంది. పిల్లలకు పాట నేర్పేవాళ్ళు కావాలి, ఉండటానికి గది ఉంది. మూడేళ్ళుగా నీ కోసం ఆ ఉద్యోగం ఆపుతున్నాను, ఈసారి ఆపలేను, సెలవులయ్యాక సోమవారం బడి తెరుస్తున్నాం, ముందురోజు నాలుగున్నర బస్సుకి వచ్చెయ్యి అని ఉంది అందులో. అంతకు ముందు ఉత్తరాలు వచ్చినప్పుడల్లా చెల్లాయి అన్నయ్యను అడిగింది. ఆయన కాదనలేదు. ఈ పోటీ ఒక్కటి కానీ అన్నాడు. ఒక పోటీ అయ్యేసరికి ఇంకోటి తయారయ్యేది.

మధ్యాహ్నం కంచం ముందు పెట్టి మళ్ళీ అడిగింది.

"అన్నయ్యా, ఇవాళ బస్సుకి వెళ్దామనుకుంటున్నాను."

"వెళ్దువుగాని. పది రోజుల్లో పోటీ, అది కానీ. అన్నట్టు దర్జీకి దగ్గు ఇంకా తగ్గలేదు, అతని గుర్తు కొంచెం ముందుకి జరుపు."

ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళలో ఆమెను ఒక్క మాట అని ఎరగడు. ఒక్కసారి గట్టిగా అరిచి ఉంటే ఏనాడో వెళ్ళిపోయేదాన్ని అనిపించి, ఆ ప్రేమ మీదే ఆమెకు కోపం వచ్చింది. వెళ్ళి దర్జీ గుర్తు ముందుకి జరిపింది. పొద్దున తను చెరిపేసింది తన గుర్తులనేనని మాత్రం చెప్పలేదు. తను కప్పాల్సిన సందులను చుట్టుపక్కల నలుగురికీ పంచేసింది. తను లేకుండా స్వరం నిలుస్తుందో లేదో ఊరికే చూద్దామని తనకు తాను చెప్పుకుంది.

మూడింటికి సాధన. భోజనశాల కిటికీలకు బయటి చప్పుడు రాకుండా చెక్కలు కొట్టి ముప్పై ఏళ్ళయింది. లోపలికి వెలుగు తలుపు మీది అద్దంలోంచి మాత్రమే వస్తుంది. కప్పుల బీరువా పక్కన రెండో వరసలో ఆమె కుర్చీ, పక్కది దర్జీది. దీర్ఘస్వరం దగ్గరికి రాగానే అందరూ కళ్ళు మూసుకోవాలి, మాస్టారు కూడా. కళ్ళు తెరిస్తే చెవి బద్ధకిస్తుందని ఆయన నమ్మకం.

స్వరం అందుకున్నారు. చెల్లాయి కూడా అందుకుని, పది లెక్కపెట్టి, ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టలేదు. దర్జీ గొంతు కాస్త పెరిగింది. ఆమె లేచింది. అతను కళ్ళు తెరవకుండానే మోకాళ్ళు పక్కకు తిప్పి దారి ఇచ్చాడు, మంచినీళ్ళకనుకున్నాడు. తలుపు బందులకు ప్రతి వారం నూనె వేసేది ఆమే కాబట్టి చప్పుడు కాలేదు.

బయట వరండాలో తలుపుకు చెవి ఆనించి నిలబడింది. ఎక్కడైనా చిన్న సందు వినిపిస్తే లోపలికి వెళ్ళిపోదామనుకుంది. నిజం చెప్పాలంటే వినిపించాలనే కోరుకుంది. నలభై లెక్కపెట్టింది, అరవై లెక్కపెట్టింది. స్వరం తెగలేదు. తొంభై దగ్గర అందరూ కలిసి ఒక్కసారే ఆపారు. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. తను లేని చోటు ఎవరికీ తెలియలేదన్న బాధ, ఇక తిరిగి వెళ్ళక్కర్లేదన్న సంతోషం రెండూ ఒకేసారి వచ్చాయి. కళ్ళు తుడుచుకుని, మెట్లు దిగి, బస్సు నిలిచే రోడ్డు వైపు నడిచింది.

లోపల మాస్టారు కళ్ళు తెరిచారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఇదీ నాకు కావలసింది. ఈ గుర్తులు ఇక మార్చకు చెల్లాయీ" అన్నారు, కాగితాలు సర్దుకుంటూ.

నీళ్ళకు వెళ్ళిందని దర్జీ చెప్పాడు. సరేనని ఆయన రెండో పాట మొదలుపెట్టించారు. కుర్చీ వెనక నుంచి జారి నేల మీద పడి ఉన్న బూడిదరంగు స్వెట్టరు దర్జీ కంట పడింది. తీసి దులిపాడు. మోచేతి దగ్గర రెండుసార్లు రఫూ చేసి ఉంది, మూడో బొత్తాం వేరే రంగుది, దారం వదులై వేలాడుతోంది. వచ్చాక కుట్టి ఇద్దామనుకుని, దాన్ని మడిచి ఆమె కుర్చీలో పెట్టాడు.