మనీలా చేరని పెళ్లి

రోసెందా వేలి నుంచి ఉంగరం ఊడి రావడం లేదు.

ఇలోయిలో పట్నంలో, మనుషుల్ని పై దేశాలకు పంపే ఆ ఏజెన్సీ హాల్లో ముప్పై మంది ఆడవాళ్లు వరసగా నిలబడి చూస్తున్నారు. గుమస్తా పిల్ల గిన్నెలు తోమే సబ్బునీళ్లు తెచ్చింది. పదేళ్లు చేపలు ఎండబెట్టిన వేలు అది. కణుపు దగ్గర లావెక్కిపోయింది. గుమస్తా తిప్పింది, లాగింది, మళ్లీ తిప్పింది. తోలు లేచి నురగ ఎర్రబడింది. రోసెందా పళ్లు బిగించి గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడింది.

"కాస్త ఓర్చుకో," అంది ఏజెన్సీ యజమానురాలు మేడమ్ ఎస్పినార్. "శుక్రవారం కెనడా వాళ్లు స్క్రీను మీద మిమ్మల్ని చూస్తారు. దరఖాస్తుల్లో అందరికీ పెళ్లి కాలేదనే రాశాం. చేతులు కూడా అదే చెప్పాలి."

ఉంగరం ఊడింది. తర్వాత వంతు రొవేలాది. ఆమెది చటుక్కున జారి వచ్చేసింది. అంత తేలిగ్గా వచ్చినందుకే ఆమెకు ఏడుపొచ్చింది. పెళ్లయి పందొమ్మిది రోజులు. అందులో మొగుడితో ఉన్నది పదకొండు.

"నీకైతే అబద్ధం కూడా అక్కర్లేదమ్మాయ్," అంది మేడమ్. "మీ ఊరి ఆఫీసులో రాసిన పెళ్లి మనీలా రికార్డుల్లోకి ఎక్కడానికి నెలలు పడుతుంది. ఈలోగా నువ్వు అడిగితే పెళ్లి జరగలేదనే సర్టిఫికెట్ ఇస్తారు. సర్కారే లేదంటుంటే నువ్వు ఉందంటావేం?"

రొవేలా టీచరు చదువు చదివింది. ఎక్కడ ఎదురు మాట్లాడాలో తెలిసిన పిల్ల. అయినా ఉంగరం గుప్పిట్లో పెట్టుకుని పక్కకి జరిగింది. ఆ కోపం మేడమ్ మీద సగం, తనమీద సగం.

ఆమె మొగుడు జోమార్ కెనడా తూర్పు తీరంలో పీతల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అక్కడే ఉండిపోయే హక్కు ఈ మధ్యే వచ్చింది. అతనికి రాత్రి భోజనం వేళకు ఆమెకు పొద్దుటి అన్నం. ఫోను కంచానికి ఆనించి, ఇద్దరూ ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టి మొదటి ముద్ద ఒకేసారి నోట్లో పెట్టుకుంటారు. నమిలేటప్పుడు అతని ఎడమ చెవి కదులుతుంది. పదకొండు రోజుల్లో ఆమె కనిపెట్టిన గొప్ప సంగతి అది. ఇప్పటికీ చూసినప్పుడల్లా నవ్వొస్తుంది.

మర్నాడు నవ్వు రాలేదు.

"భార్యగా పిలిపించుకోవాలంటే ఏడాది పైన పడుతుందే," అన్నాడు జోమార్. "ఏజెన్సీ దారిలో నాలుగు నెలలు. నా ఫ్యాక్టరీకే వస్తావు. ముందు రా, తర్వాత సరిచేసుకుందాం."

"పెళ్లి కాలేదని రాసి వస్తే నీ పక్కన ఏమని నిలబడను?"

"నా పక్కన నిలబడు చాలు. ఏమనైతే ఏంటి?"

"పోనీ చూట్టానికొస్తానని వచ్చి, అక్కణ్ణుంచి భార్యగా దరఖాస్తు పెట్టుకుంటే?"

"ఉద్యోగం లేదు, ఆస్తి లేదు. నీకు చూసిపోయే వీసా ఎవడిస్తాడే పిచ్చిదానా?"

ఎటు తిరిగినా గోడే. కూర చల్లారిపోయింది. ఆ పూట ఇద్దరూ కలిసి తిన్న ముద్ద ఒక్కటే.

మధ్యాహ్నం ఆడవాళ్లంతా హాలు వెనక బాచోయ్ నూడుల్స్ కొట్టులో చేరారు. రొవేలా ముందున్న గిన్నె ముట్టుకోకుండా, "నేను సంతకం పెట్టేస్తాననుకుంటా," అంది.

పక్కనే కూర్చున్న దిత్తక్క చెంచా కింద పెట్టింది. దిత్తకి నలభై దగ్గరపడుతున్నాయి. ముప్పై మందిలో పెద్దది, తక్కువ మాట్లాడేది.

"పెట్టే ముందు నా మాట విను, ఇందాయ్," అంది. ఆ ఊళ్లో చిన్నపిల్లల్ని ముద్దుగా అలాగే పిలుస్తారు. "ఏడేళ్ల కింద ఇదే ఏజెన్సీ, ఇదే మేడమ్, మా ఆయన్ని పంపింది. పెళ్లి కాలేదని రాయించింది. తర్వాత సరిచేసుకోవచ్చంది. మూడేళ్లకి ఆయనకి అక్కడ కాగితాలొచ్చాయి, నన్ను రప్పించమని దరఖాస్తు పెట్టాడు. జవాబేమొచ్చిందో తెలుసా? నువ్వు వచ్చినప్పుడు నీకు భార్య లేదన్నావు, ఇప్పుడు ఈమెని భార్యగా తేవడానికి వీల్లేదు. ఫైలు మూసేశారు."

"మరి నువ్విక్కడెందుకున్నావక్కా?" అని అడిగింది మయెత్. పెళ్లికాని పిల్ల, నోరు ఊరుకోదు.

"ఎందుకేంటి. నేను కూడా పెళ్లి కాలేదని రాసి పోదామని. మొగుడి దగ్గరికి పోవడానికి నాకున్న దారి మొగుడు లేడనడమేగా."

ఎవరూ నవ్వలేదు. దిత్తకే చిన్న నవ్వొచ్చింది, వెంటనే పోయింది.

రోసెందా గుడ్డ చుట్టిన వేలు బల్లమీద కొట్టింది. "అయితే ఏం చేద్దామంటావ్? నిజం రాసి ఇంట్లో కూర్చుందామా? నా మొగుడికి నడుం పడిపోయింది. ముగ్గురు పిల్లలు. నాకు ఏడాది ఆగే తీరిక లేదు. తోలు ఊడింది నాది. మీకెందుకే నొప్పి?"

"నువ్వెళ్లొద్దని ఎవరన్నారు? పెళ్లయిందని రాసుకునే వెళ్లు," అంది రొవేలా. "పనికి పోడానికి పెళ్లి అడ్డమని ఎక్కడ రాసుంది?"

"మేడమ్ చెప్పింది."

"మేడమ్ చెప్పింది. కెనడా వాడు చెప్పాడా? కాగితం చూశావా?"

"చదువుకున్నదానివి, నీకు మాటలొచ్చు. నిన్ను తీసేస్తే మొగుడు డబ్బు పంపుతాడు. నన్ను తీసేస్తే?"

ఆ మాట సూటిగా తగిలింది. అది నిజం కూడా. రొవేలా గిన్నె పక్కకి నెట్టింది. "ఒక్కదాన్నయితే తీసేస్తుంది," అంది. "నిన్నొక్కదాన్ని తీసేస్తే నీ పని అయిపోయింది. నన్నొక్కదాన్ని తీసేస్తే నా పని అయిపోయింది. పీతల కాలం మొదలయ్యేలోగా వాళ్లకి ముప్పై మంది కావాలి. ముప్పై మందినీ తీసేస్తే మేడమ్ ఎవర్ని పంపుతుంది, తన అత్తగార్నా?"

"అత్తగారికి పీత వలవడం వచ్చా?" అంది మయెత్.

ఈసారి నవ్వారు. ఆ నవ్వులోనే లెక్క తేలింది. ముప్పై మందిలో పెళ్లయినవాళ్లు పందొమ్మిది మంది. దరఖాస్తుల్లో ఒక్కరూ లేరు. అన్నీ తిరగరాయాలి, లేకపోతే శుక్రవారం ఒక్కరూ కెమెరా ముందు కుర్చీలో కూర్చోకూడదు. రోసెందా ఒప్పుకోలేదు. తినడం సగంలో ఆపి లేచి వెళ్లిపోయింది.

గురువారం మేడమ్ ఒక్కొక్కరినే గదిలోకి పిలిచింది. కొందరు తలొంచుకుని బయటికొచ్చారు. రొవేలా వంతు వచ్చినప్పుడు మేడమ్ కుర్చీ చూపించింది, కాఫీ తెప్పించింది.

"నిన్ను గుంపుకి నాయకురాల్ని చేస్తాను. అందరికన్నా ముందు నీకే టికెట్టు. పీతల కాలం మొదలయ్యేసరికి నీ మొగుడి చేతివంట తింటావు. వీళ్ల గొడవ నీకెందుకమ్మా?"

రొవేలాకి జోమార్ చెవి కళ్ల ముందు మెదిలింది. ఎంత ఆశ పుట్టిందంటే, చేతులు బల్ల కిందికి లాక్కుంది, సంతకం పెట్టేస్తాయేమోనని.

"నా మొగుడా?" అంది. "నాకు మొగుడు లేడని మీరే రాశారు కదా మేడమ్."

కాఫీ అలాగే వదిలేసి వచ్చింది.

శుక్రవారం స్క్రీను మీద ఒక తెల్లాయన, వెనక మంచు పట్టిన కిటికీ. మొదటి పేరు పిలిచారు. ముప్పై మందీ ఒకేసారి లేచి కెమెరా ముందుకొచ్చి నిలబడ్డారు. రోసెందా కూడా వచ్చింది, చివరి వరసలో, ఎవరి వైపూ చూడకుండా.

"అయ్యా," అంది రొవేలా ఇంగ్లీషులో, "మా దరఖాస్తుల్లో అబద్ధం ఉంది. మాలో పందొమ్మిది మందికి పెళ్లయింది. పెళ్లికానివాళ్లే కావాలని మీరు అడిగారా?"

ఆయన చుట్టూ చూశాడు. "మేం అలాంటిదేం అడగలేదు. మాకు పనిచేసే చేతులు కావాలి. కాగితాలు మీకూ ఏజెన్సీకీ మధ్య సంగతి."

"చేతుల వెనక మనుషులు ఉంటారయ్యా," అంది వెనక నుంచి రోసెందా, తన భాషలో. దాన్ని ఇంగ్లీషులో చెప్పేలోగా మేడమ్ కంప్యూటరు వైరు పీకేసింది.

హాలంతా గోల. దిత్తక్క మాత్రం నెమ్మదిగా బల్ల దగ్గరికి వెళ్లింది. దరఖాస్తుల కట్ట విప్పి, పేరు పిలుస్తూ ఎవరి కాగితాలు వాళ్లకి ఇవ్వడం మొదలుపెట్టింది, రేషను పంచినట్టు. వాచ్‌మన్ చెయ్యి పట్టుకున్నా ఆపలేదు. ముప్పయ్యో దరఖాస్తు తనదే. అది తీసుకునేసరికి పోలీసులు వచ్చారు. ఏజెన్సీ కాగితాలు దొంగిలించిందని మేడమ్ చెప్పింది. మిగతావాళ్లని తోసేసి దిత్తని జీపెక్కించారు.

ఆ సాయంత్రం రొవేలా జోమార్‌కి ఫోన్ చేసి దిత్త సంగతంతా చెప్పింది. "భార్య దరఖాస్తే పెట్టు. ఈ రోజే పెట్టు. ఏడాది కాకపోతే రెండేళ్లు. మన పెళ్లిని మనీలా ఒప్పుకున్నాకే వస్తాను."

అవతల కప్పు కింద పెట్టిన చప్పుడైంది. అతను ఏడుస్తున్నాడో, కోపమొచ్చిందో ఆమెకు తెలియలేదు. పక్కన ఉంటే ముఖం చూసి తెలిసిపోయేది. దూరంలో ఉన్న చావు అదే.

"దిత్త మొగుడు మా గదిలోనే ఉంటాడు," అన్నాడు. "పెళ్లి కాలేదని రాసి వచ్చి అలా ఇరుక్కున్నవాళ్లు ఇక్కడ పద్నాలుగు మంది." ఫోన్ పెట్టేశాడు.

పొద్దున ఎనిమిదింటికి పోలీస్ స్టేషన్ ముందు ఇరవై తొమ్మిది మంది ఉన్నారు. తొమ్మిదయ్యేసరికి వాళ్లెరగని ఆడవాళ్లు రావడం మొదలైంది. గిమరాస్ పడవ దిగి కొందరు, ఆంతీకె బస్సు దిగి కొందరు, చంకలో పిల్లలతో, ప్లాస్టిక్ సంచుల్లో పెళ్లి ఫొటోలతో. రాత్రంతా కెనడా నుంచి మొగుళ్లు ఫోన్లు చేశారట.

రొవేలా ఫోన్ మోగింది. అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టింది. పీతల ఫ్యాక్టరీ మగవాళ్ల గదిలోంచి గొంతులు వచ్చాయి.

"నా పేరు దానిలో. నాకు పెళ్లి కాలేదని రాశాను. నా భార్య జినాలిన్, ఊరు మియాగావో."

"ఇదిగో నేనే," అంది చంకలో పిల్లతో ఒకావిడ.

"నా పేరు రోమ్యులో. నాకు పెళ్లి కాలేదని రాశాను. నా భార్య తెరెసితా, ఊరు జోర్డాన్."

"ఉన్నాను."

అలా చెప్పుకుంటూ పోయారు. ఈ మాటకు తమ కొలువు పోవచ్చని, వెనక్కి పంపేయొచ్చని వాళ్లకి తెలుసు. అయినా ఊరి పేర్లు స్పష్టంగా పలుకుతున్నారు. రోసెందా మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క పేరూ దరఖాస్తు వెనక రాస్తోంది. కట్టు విప్పేసింది, పెన్ను పట్టు దొరకడానికి.

"ఆపండమ్మా, లోపల పని జరగాలి," అన్నాడు గుమ్మంలో పోలీసు.

మయెత్ ఫోన్ తీసుకుని స్టేషన్ కిటికీ ఊచలకి ఆనించి పట్టుకుంది.

"నా పేరు ఫెలిమోన్," అంది ఫోన్లోంచి ముసలిబారిన గొంతు. "నాకు భార్య లేదని రాశాను. ఉంది. దాని పేరు దిత్త."

లోపల ఇనుప తలుపు ఎవరో రెండు చేతులతో ఊపిన చప్పుడైంది.

"ఇక్కడే ఉన్నాను," అంది దిత్తక్క గొంతు. "రాసుకోండి, ఇక్కడే ఉన్నాను."