మా ఆయన వైవా

“గుళ్ళే ఏపు. బద్దలు ఏరీసి పక్కనెట్టు. పెద్ద పెద్ద సార్లు తినీవి,” అంది మా అత్త దుర్గాదేవి, వంటింటి గుమ్మంలో పీటేసుకుని కూచుని.

జీడిపప్పులో బద్దలు ఏరి పక్కన పెట్టాను. మూకుట్లో నెయ్యి వేసి, గుళ్ళు ఎర్రబడేదాకా తిప్పుతూ వేపి, ఉప్పూ మిరియాలపొడీ చల్లాను. ఆ రోజు మా ఆయన లోకనాథ్ వైవా. పీహెచ్‌డీకి ఆఖరి పరీక్ష. వేరే ఊరి నుంచి వచ్చిన ప్రొఫెసరు అందరి ముందూ ప్రశ్నలడుగుతాడు, ఈయన జవాబులు చెబుతాడు, మధ్యాహ్నానికల్లా డాక్టర్ లోకనాథ్ అయిపోతాడు. వచ్చినవాళ్ళందరికీ టిఫిన్లూ భోజనాలూ మనమే చూసుకోవాలి. అలాగని రూలేమీ లేదు. రూలైతే ఎవరైనా తప్పేవారు.

పక్కింటి అప్పలమ్మ గోడ మీంచి తొంగిచూసి, “మీ ఓడు డాట్రయితే నా మోకాళ్ళకి సూదేత్తాడేటి?” అని అడిగింది.

“ఆ డాట్రు కాదే. కంపూటర్లకి డాట్రు,” అంది మా అత్త గర్వంగా.

ఆ పొద్దుట నాకు నవ్వొచ్చిన మాట అదొక్కటే.

లోపల్నుంచి ఆయన కేకేశాడు. “నీలా, చొక్కా ఇస్త్రీ అయిందా? స్లైడ్లు సీడీలో ఎక్కించావా?”

“రెండూ అయ్యాయి,” అన్నాను. ఆయన గొంతులో ఆ రెండు పనులకీ తేడా లేదు. చొక్కా ఆయనది, ఇస్త్రీ నాది. స్లైడ్ల సంగతీ అంతే అనుకున్నాడు. చొక్కా అయినా నిజంగా ఆయనదే.

యూనివర్సిటీకి వెళ్ళే పాసింజరు రైల్లో కిటికీ పక్కన ఆయన కూచున్నాడు. ఒళ్ళో స్టీలు డబ్బాలు పెట్టుకుని నేను కూచున్నాను. పేజీలు తిప్పుతూ పెదాలు కదిలించుకుంటున్నాడు. ఎక్కాలు బట్టీపట్టే పిల్లలు అలాగే కదిలిస్తారు, కానీ వాళ్ళని చూస్తే ముద్దొస్తుంది.

ఆ పేజీలు నావి. కోపంలో అంటున్న మాట కాదు, ఉన్న మాట. ఎంటెక్ అయ్యాక నేను టెక్కలి దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ తొంభై తొమ్మిదిలో పీహెచ్‌డీకి రిజిస్టరయ్యాను. నేను పట్టుకున్న ప్రశ్న చాలా చిన్నది. ఒకరు రాసిన ప్రోగ్రాముని నడపకుండా, ఊరికే చదివి తప్పులు పట్టాలంటే ఎలా చదవాలి? కరెంటు బిల్లులు వేసే ప్రోగ్రాము ఒకటి రాసి, అందులో కావాలని తప్పులు నాటాను. మా ఫైనలియర్ పిల్లల్ని మూడు గుంపులు చేశాను. ఒక గుంపుకి ఏమీ చెప్పకుండా చదవమన్నాను. రెండో గుంపుకి ఏమేం వెతకాలో జాబితా ఇచ్చాను. మూడో గుంపుతో, “మీరు ఇంజనీర్లన్న సంగతి మర్చిపోండి. బిల్లు కట్టే మనిషిలా చదవండి,” అన్నాను. వాళ్ళకే ఎక్కువ తప్పులు దొరికాయి. ఏడాదికో బ్యాచి చొప్పున, వేర్వేరు ప్రోగ్రాములతో మళ్ళీ మళ్ళీ చేశాను. కరెంటు పోయి ల్యాబు ఉడికిపోతుంటే నేనూ, నాతో పనిచేసే జ్యోత్స్నా పిల్లలకి అట్టముక్కలతో విసిరిన రోజులున్నాయి.

మా పెళ్ళయింది, ఆయనా అదే కాలేజీలో, అదే డిపార్టుమెంటులో చేరాడు, నా గైడు వైకుంఠరావుగారి దగ్గరే రిజిస్టరయ్యాడు. ఆయన టాపిక్ వేరే. పేరు రెండు లైన్లుండేది. పేరు దాటి ముందుకి వెళ్ళలేదు.

వైకుంఠరావుగారికి నేను ‘పలాసమ్మాయి’ని. మాది కంచిలి వైపు, కానీ ఆయనకి ఆ చుట్టుపక్కలంతా పలాస జీడిపప్పే. వెళ్ళినప్పుడల్లా, “ఏమ్మా, పలాసమ్మాయీ, పప్పేదీ?” అనేవాడు. నా చాప్టర్లు బల్ల మీద నెలల తరబడి పడి ఉండేవి. పప్పు పొట్లం మాత్రం ఆ సాయంత్రమే ఆయన ఇంటికి చేరేది. “తెలివైనదానివే. కానీ ఆడపిల్లలు పెళ్ళయ్యాక నిలబడరమ్మా,” అనేవాడు. నేను ఆయనెదుట నిలబడే ఉండేదాన్ని. లోకనాథ్ వెళితే మాత్రం కుర్చీ లాగి చూపించేవాడు.

తర్వాత మా నాన్న సూర్యానికి కిడ్నీలు పాడయ్యాయి. కంచిలి దగ్గర మా ఊళ్ళో అదేమీ వింత కాదు. ఇంటికొకరు ఉంటారు, కొన్ని ఇళ్ళల్లో ఇద్దరు. కొబ్బరిచెట్టు ఎక్కితే దిగమని అమ్మ బతిమాలాల్సి వచ్చే మనిషి, మంచం దిగడానికి నా భుజం అడిగాడు. అన్నదమ్ములు లేరు. సెలవు పెట్టి విశాఖలో ఆసుపత్రి వెనకాల గది తీసుకుని, వారానికి రెండుసార్లు నాన్నని డయాలసిస్‌కి తీసుకెళ్ళేదాన్ని. ఆదివారాలు లోకనాథ్ వచ్చేవాడు. ఒక ఆదివారం నాన్న నిద్రపోతుంటే, “నీ ప్రయోగాల డేటా, రాసిన చాప్టర్లు ఇవ్వు. సార్ అడుగుతున్నారు. నీ పని ఆగిపోకూడదు కదా,” అన్నాడు. ఇచ్చాను. నా పని ఆగలేదు. నిజంగానే ఎక్కడా ఆగకుండా నడిచి ఆయన గుమ్మంలోకి వెళ్ళిపోయింది.

నాన్న పోయాక, పెద్దకర్మ అయ్యాక, గైడు దగ్గరికి వెళ్ళాను. తల కూడా ఎత్తకుండా చెప్పాడు. “ఆ టాపిక్ మీద మీ ఆయన సినాప్సిస్ ఇచ్చేశాడమ్మా. రెండు పేపర్లు కూడా వేశాం. ఒకే ఇంట్లోంచి ఒకే పని మీద ఇద్దరంటే బావుండదు. నువ్వు ఇంకోటి చూసుకో. ఇంకా చిన్నదానివే.”

ఇంటికొచ్చి అరిచాను. పింగాణీ కప్పు ఒకటి విసిరాను కూడా. లోకనాథ్ ముక్కలు తప్పించుకుని నడిచొచ్చి, చాలా ఓపిగ్గా, పిల్లలకి రీకర్షన్ పాఠం చెప్పేటప్పటి గొంతుతో చెప్పాడు. “నాదైతే ఏటి, నీదైతే ఏటి నీలా? ఏడాది పాటు నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. కష్టపడి రాసింది నేను. ప్రొఫెసర్ పోస్టు ఖాళీ అవుతోంది. నాకొస్తే మనకొచ్చినట్టే.”

మా అత్త చీపురు తెచ్చి నా చేతికిచ్చింది. “మొగుడు పైకొత్తంటే ఏడిసే ఆడదాన్ని నిన్నే సూత్తన్నాను,” అంది. ఊడ్చాను. చెప్పులు లేకుండా తిరిగేది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.

అక్కడితో అయిపోయిందనుకుంటున్నారా? థీసిస్ టైపయ్యాక ఇంగ్లీషు దిద్దమని నా దగ్గరికే తెచ్చాడు. నా వాక్యాలు నాకే తెచ్చి, ఇందులో తప్పులుంటే చూసిపెట్టమన్నాడు. చూశాను. మొదటి పేజీలో దేవుడికీ, తల్లిదండ్రులకీ, గైడుకీ కృతజ్ఞతలు చెప్పాక, ఆఖర్న నాకూ చెప్పాడు. ‘వేళకి కాఫీలు అందించిన నా అర్ధాంగి నీలవేణికి.’ అక్కడ కామా ఒకటి తప్పు పడితే దాన్ని కూడా దిద్దాను. ఆ కామా దిద్దుతున్నప్పుడే నాకు కోపం పోయింది. కోపానికి ఎదుట ఒక మనిషుండాలి. నా ఎదుట ఉన్నది సంతకం పెట్టడం మాత్రమే తెలిసిన ఒక చెయ్యి.

వైవా హాలు నిండింది. ముందు వరసలో వైకుంఠరావుగారు, ఆయన పక్కన బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు, వెనకాల రీసెర్చ్ స్కాలర్లు. నేను చివరి వరసలో, డబ్బాల పక్కన. లోకనాథ్ గొంతు బావుంటుంది. క్లాసులో పిల్లలకి నిద్రొచ్చేది ఆ గొంతు వల్లే. “నేను ఈ ప్రోగ్రాము రాశాను. నేను ఇందులో తప్పులు నాటాను. నేను గమనించిందేమంటే,” అంటూ ఇంగ్లీషులో సాఫీగా చెప్పుకుపోయాడు. బయటి ప్రొఫెసరు నాలుగు ప్రశ్నలడిగాడు. నాలుగూ వైకుంఠరావుగారు ముందు రోజే ఫోన్లో చెప్పినవే. జవాబులు రాసిచ్చింది నేనే.

ఆఖరి స్లైడులో ఒక వాక్యముంది. నాటిన తప్పుల్లో ఒకటి మూడు గుంపుల్లో ఎవరికీ దొరకలేదని. ఆయన దాన్ని చదివి, ‘థాంక్యూ’ స్లైడుకి వెళ్ళిపోయాడు.

“ఎవరైనా ఏమైనా అడగదలుచుకున్నారా?” అన్నాడు వైకుంఠరావుగారు లేస్తూనే. ఓపెన్ వైవా కాబట్టి ఆ మాట అనాలి. అన్నాక ఎవరూ ఏమీ అడగరు. టిఫిన్లు చల్లారిపోతాయి కదా.

నేను లేచి నిలబడ్డాను.

“ఒక తప్పు ఎవరికీ దొరకలేదన్నారు. ఆ తప్పేమిటి?” అని ఇంగ్లీషులోనే, అందరికీ వినపడేలా అడిగాను.

కరెంటు మీటరులో అంకెలన్నీ తొమ్మిదులయ్యాక మళ్ళీ సున్నా దగ్గర్నుంచి మొదలవుతాయి. ఆ నెల కొత్త రీడింగు పాతదానికంటే చిన్నదవుతుంది. నా ప్రోగ్రాము అది చూసుకోదు, బిల్లుని మైనస్‌లో వేసేస్తుంది. అంతే. అదేమిటో నేను ఏ కాగితం మీదా రాయలేదు, కానీ నాటిన మనిషిని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

“అది... ఒక లాజికల్ ఎర్రర్,” అన్నాడు లోకనాథ్.

“ఏ లాజికల్ ఎర్రర్?” బయటి ప్రొఫెసరు మొదటిసారి థీసిస్ మీంచి తలెత్తాడు.

లోకనాథ్ నా వైపు చూశాడు. భయంతో కాదు, సిగ్గుతో అసలే కాదు. పొద్దున్నే సాక్సు కనపడకపోతే చూస్తాడే, అలా. ఎక్కడుందో దీనికి తెలుసు, తెచ్చిస్తుంది అన్నట్టు. నేను తేలేదు. నా ముందు వరసలో ఎవరో కుర్రాడు కిసుక్కుమన్నాడు.

“అది మా మేడమే అండీ, వాళ్ళావిడ! ఇంటి గొడవలు ఇంట్లో చూసుకుంటారు లెండి,” అని వైకుంఠరావుగారు గట్టిగా నవ్వాడు. హాలంతా నవ్వింది. బయటి ప్రొఫెసరు కూడా నవ్వి, “ఆ వివరం ఒక పేరా రాసి, దిద్దిన కాపీలో చేర్చి సోమవారానికి ఇవ్వండి,” అన్నాడు. చప్పట్లు కొట్టారు. మా ఆయన డాక్టరైపోయాడు.

టిఫిన్ల దగ్గర బయటి ప్రొఫెసరు ప్లేటు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. “మీదీ ఇదే సబ్జెక్టా?”

“ఇదేనండి. ఈ ప్రోగ్రామే.”

ఆయన నన్ను చూశాడు. దండ వేయించుకుంటున్న లోకనాథ్‌ని చూశాడు. తర్వాత ప్లేటు వైపు చూసి రెండు గుళ్ళు నోట్లో వేసుకున్నాడు. “పలాస పప్పు రుచే వేరమ్మా,” అన్నాడు. అర్థంకాక అన్న మాట కాదది. అర్థమయ్యే అన్నాడు. అంత చదువు చదివిన నోరు నా జీడిపప్పు నమలడానికి తప్ప ఇంకెందుకూ తెరుచుకోలేదు.

తిరుగు రైలు శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటింది. లోకనాథ్ మెళ్ళో దండ తీసి డబ్బా మీద పెట్టాడు. తర్వాత మొదలుపెట్టాడు.

“అందరి ముందూ నా పరువు తీశావు.”

“తెలిస్తే చెప్పాల్సింది.”

“నీకు తెలుసు కదా, చెప్పొచ్చు కదా! నాకేదో నువ్వు శత్రువన్నట్టు... ఇంటికాడ అమ్మ ఊరందర్నీ భోజనాలకి పిలిచింది. ఈ మొహం పెట్టుకుని వడ్డిస్తావా?” గొంతు తగ్గించాడు. నా చేతి మీద చెయ్యి వేశాడు. అదీ ప్రేమ అనే అనుకున్నాడు పాపం. “సరే. జరిగిందేదో జరిగింది. నీకూ డాక్టరేట్ కావాలి, అంతే కదా? సార్‌తో మాట్లాడతాను. ఏదో ఒక టాపిక్ చూసి నీకూ ఒకటి రాసిపెట్టేస్తాను.”

నవ్వొచ్చింది. ఆపుకోలేదు. ఎదురు సీటు మీది ముసలాయన ఉలిక్కిపడేంత గట్టిగా నవ్వాను. రాసిపెట్టేస్తాడట, నాకు! ఇన్నేళ్ళు నేను ఒక దొంగతో కాపురం చేస్తున్నాననుకున్నాను. దొంగకైనా ఎవరి ఇంట్లో దూరాడో తెలుస్తుంది. ఈ మనిషికి అదీ తెలీదు. ఆ పని తనదేనని నిజంగానే నమ్ముతున్నాడు. అలాంటివాడి దగ్గర్నుంచి ఏదో తిరిగి తీసుకోవాలని ఇన్నాళ్ళూ గింజుకున్నందుకు నా మీద నాకు విసుగేసింది.

నౌపడ వచ్చేసరికి కిటికీలోంచి ఉప్పు కుప్పలు ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి. మేం దిగాల్సిన స్టేషను ఇంకా రాలేదు. నా హ్యాండుబ్యాగు తీసుకుని లేచాను. డబ్బాలు ఆయన ఒళ్ళో పెట్టాను. అక్కడికి దగ్గర్లోనే, టెక్కలిలో, జ్యోత్స్న ఒక్కతే ఉంటుంది. స్టేషను బయట ఆటోలుంటాయి. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు, అక్కర్లేదు కూడా.

ఆ తర్వాత సంగతి చెప్పేస్తాను. మా అత్త రెండుసార్లు వచ్చింది. కొడుకు దిగాలుగా ఉన్నాడనీ, వంటకి మనిషి దొరకలేదనీ చెప్పి, రెండోది చెప్పేటప్పుడే ఏడ్చింది. నేను వెళ్ళలేదు. సరిహద్దు దాటి ఒరిస్సాలో ఇంకో గైడుని వెతుక్కున్నాను. పాత పని జోలికి పోలేదు. అది ఆయనకే వదిలేశాను. ఒకరు నోట్లో పెట్టుకున్నది మళ్ళీ నా కంచంలో వేసుకోలేను. కొత్త ప్రశ్న పట్టుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. నెమ్మదిగా నడుస్తోంది. కానీ నడుస్తున్నది నా కాళ్ళతోనే. దిద్దిన కాపీలో లోకనాథ్ ఆ ఒక్క పేరా తనకి తోచిందేదో రాసిచ్చాడట. తప్పు రాశాడు. ఇప్పటిదాకా ఎవరూ పట్టుకోలేదు.

కానీ ఆ రోజు నౌపడ ప్లాట్‌ఫారం మీద నేను దిగి నాలుగడుగులు వేశానో లేదో, వెనకనుంచి కేక వినపడింది. బండి కదులుతోంది. డబ్బాలు పొట్టకి ఆనించుకుని, కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతున్నాడు డాక్టర్ లోకనాథ్. ఎక్కమంటున్నాడనుకున్నాను. కాదు.

“నీలా! ఆ తప్పేంటో అదొక్కటి చెప్పి వెళ్ళు! సోమవారం ఇవ్వాలి!”

“చదివి పట్టుకోండి,” అన్నాను.