వేడి తెలియని చెయ్యి

నేను ఒక పిడిని. తుపాకీ పిడిలా కనిపిస్తాను కానీ ఎవరినీ చంపను. అరచెయ్యంత బొమ్మకారును చెక్క ట్రాక్ మీది గాడిలో పరిగెత్తిస్తాను, అంతే. రేసువాళ్ళు నన్ను కంట్రోలర్ అంటారు. నా ట్రిగ్గర్ ఎంత నొక్కితే గాడి పక్కనున్న రాగి పట్టీల్లోకి అంత కరెంటు వెళుతుంది, కారు అంత జోరందుకుంటుంది. ఎంత జోరుగా పోయినా బయల్దేరిన చోటికే తిరిగొస్తుంది. దానికోసం మనుషులు చెమటలు కక్కుతారు.

ఎక్కడ పుట్టానో నా ఒంటిమీద అచ్చు వేసి ఉండేది, అరిగిపోయింది. ఒక ఓడ ఇంజనీరు నన్ను విశాఖ తెచ్చాడు. రెండేళ్ళు ఆడాక నా లోపలి తీగచుట్ట కాలిపోతే, గాజువాకలో ఈ రేసు హాలు నడిపే సుజాత గారి చెత్తడబ్బాలో పడేసి ఓడెక్కేశాడు. అందులోంచి నన్ను తీసినవాడు పైడిరాజు. మోటార్ వైండింగ్ చేసే మనిషి. వెంట్రుకంత తీగను కళ్ళు మూసుకుని, వేళ్ళతోనే చుట్లు లెక్కపెడుతూ చుట్టేవాడు. నా కడుపులో ఇప్పుడున్న చుట్ట అతను చుట్టిందే. పదకొండేళ్ళు, శని ఆదివారాలు, నేను అతని చేతిలోనే ఉన్నాను.

కొన్నాళ్ళుగా అతని పట్టు మారింది. ఒకప్పుడు వేలికొసతో మీటేవాడు, ఇప్పుడు పిడికిలంతా బిగిస్తున్నాడు. ట్రిగ్గర్ సగం నొక్కి అలాగే పట్టుకుంటే నేను వేడెక్కుతాను. ఎవరైనా చురుక్కుమనగానే చెయ్యి మారుస్తారు. ఆ శనివారం అతను మార్చలేదు. మూడో రేసుకల్లా చూపుడువేలి మొదట్లో బొబ్బ లేచింది. అది నా పనే. సాయంత్రం చెప్పులు వేసుకోవడానికి వంగినప్పుడు గానీ అతను దాన్ని చూసుకోలేదు. అటూ ఇటూ చూసి జేబురుమాలు చుట్టేశాడు. షుగరు అతని వేళ్ళలో స్పర్శ లేకుండా చేసిందని ఆ హాల్లో నాకొక్కదానికే తెలుసు. జాలి కలిగిందని మాత్రం చెప్పలేను. నేను వేడెక్కుతాను, చల్లారతాను. అంతకుమించి నాకేమీ తెలియదు.

ఆదివారం ఆఖరి రేసు. పైడిరాజు అందులో లేడు, అతని బావమరిది సన్యాసిరావు ఉన్నాడు. సరిగ్గా మొదలయ్యే ముందు సన్యాసిరావు కంట్రోలర్ వైరు తెగింది.

"నాది అట్టుకో," అని పైడిరాజు నన్ను అతని చేతిలో పెట్టాడు.

ఈ ఆటలో ఒక్కో కారుకు ఒక్కో గాడి, ఒక్కో కంట్రోలర్. ఇంకో పద్ధతీ ఉంది. రేసులో లేనివాళ్ళు మలుపుల దగ్గర నిలబడి, ఎగిరిపడిన కార్లను తిరిగి గాడిలో పెట్టాలి, అది గిట్టనివాడి కారైనా సరే. కారు కింద చిన్న నాలుక ఉంటుంది. అది గాడిలో దిగిందో లేదో వేళ్ళకే తెలియాలి, వంగి చూసేంత వ్యవధి ఉండదు. పైడిరాజు పెద్ద మలుపు దగ్గర నిలబడ్డాడు.

బ్యాంకులో పనిచేసే హిమజ ఎర్రకారుతో అందరికన్నా రెండు చుట్లు ముందుంది. ఆమె తర్వాత సన్యాసిరావు పచ్చకారు. మలుపులో ఎర్రకారు ఎగిరిపడింది. పైడిరాజు అందుకుని ట్రాక్ మీద ఆనించి జరిపాడు. నాలుక దాని గాడిని దాటిపోయింది, అతనికి తెలియలేదు. పక్కనున్న పచ్చకారు గాడిలో దిగింది.

ఒక్కసారిగా రెండు కార్ల బరువు నామీద పడింది. హిమజ ఎంత నొక్కినా తన కారు తన మాట వినదు. సన్యాసిరావు నొక్కితే రెండూ పరిగెత్తుతున్నాయి. రెండో చుట్టులో ఎర్రకారు పచ్చకారును గుద్ది, గోడకు తగిలి ముక్కలైంది. సుజాత గారు కరెంటు ఆపేశారు.

"మీ కంట్రోలర్ మీ బావమరిదికిచ్చారు, నా కారు ఆయన గాడిలో పెట్టారు. నేనేమనుకోవాలి అంకుల్?" అంది హిమజ.

"కావాలని చేశారా పైడిరాజు గారూ?" అడిగారు సుజాత గారు.

అతను రుమాలు చుట్టిన చేతిని వెనక్కి దాచుకున్నాడు.

"ఔనమ్మా. కావాలనే ఎట్టాను."

చేతకానివాడు అనిపించుకోవడం కన్నా దొంగ అనిపించుకోవడమే అతనికి తేలికైంది.

"అయితే ఇక ఈ హాలుకు రాకండి," అన్నారామె.

"అమ్మో, కాలిపోతంది!" సన్యాసిరావు నన్ను బల్లమీద పడేశాడు. "ఏటి బావా ఇది! నిన్నంతా దీన్నెలా అట్టుకున్నావు?"

పైడిరాజు నన్ను తీసి పిడికిట్లో బిగించాడు. నేను ఇంకా మండుతూనే ఉన్నాను. అతని మొహంలో ఏ మార్పూ లేదు. కాసేపు చూసి, నన్నెత్తి చెంపకు ఆనించుకున్నాడు. ఉలిక్కిపడ్డాడు.

"ఔన్రా," అన్నాడు. "కాలతంది."

హిమజ వచ్చి అతని చేతి రుమాలు విప్పింది. బొబ్బ చితికి ఉంది. ఆమె దాన్ని మళ్ళీ జాగ్రత్తగా చుట్టి, నేలమీది ముక్కలు ఏరుకోవడానికి వెళ్ళింది. రేసు మళ్ళీ పెట్టారు. ఎవరు గెలిచారో నాకు తెలియదు, నన్ను ఎవరూ ట్రాక్ కరెంటుకు తగిలించలేదు.

ఇప్పుడు నేను హాల్లో ఒక మేకుకు వేలాడుతున్నాను. సుజాత గారు పైడిరాజును మలుపు దగ్గర నిలబడనివ్వరు. కుర్చీ వేసి, మోటార్ల చప్పుడు విని తేడా ఎక్కడుందో చెప్పమంటారు. చెబుతాడు. వెళ్ళేముందు నన్ను మేకు మీంచి తీసి చెంపకు ఆనించుకుంటాడు.

నాలో కరెంటు పారి చాలాకాలమైంది, చల్లగానే ఉంటాను. అయినా అతను వెంటనే తియ్యడు.